జిమ్మీ వీసీ ఫెయిలయ్యాడా అని అడిగావు కదా

చి. బుజ్జికి, చి. చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

ఆదివారం ఫోన్లో నువ్వడిగిన దానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను బుజ్జీ. ఇటు కరెంటు పోయింది, వెనకాల నానమ్మ పిలుస్తోంది, ఇంతలో లైన్ కట్టయింది. "తాతయ్యా, జిమ్మీ వీసీ హోబీ బేకర్ అవార్డు గెలిచాడు కదా, మరి ఎన్‌హెచ్‌ఎల్‌లో ఏం చేశాడు? డిసప్పాయింట్‌మెంటే కదా? మా టీములో అందరూ అలాగే అంటున్నారు" అన్నావు. వీసీ మంచు మీద ఆడే ఐస్ హాకీ ఆటగాడనీ, ఆ అవార్డు అమెరికా కాలేజీ హాకీలో ఏటా ఒక మేటి ఆటగాడికి ఇచ్చేదనీ, ఎన్‌హెచ్‌ఎల్ అంటే ఆ ఆటలో పెద్ద ప్రొఫెషనల్ లీగనీ నువ్వే నాకు నేర్పావు. కానీ నీ 'అందరూ అంటున్నారు' అనే మాట నాకు గుచ్చుకుంది, ఎందుకో తర్వాత చెప్తాను.

నాకు హాకీ ఏం తెలుసనుకుంటున్నావేమో. మీ ఇంట్లో ఉన్న ఆ ఆరు నెలల చలికాలంలో బయటికి కాలు పెట్టలేక, నీ పక్కన సోఫాలో కూర్చుని చూసిన ఆటలు ఎన్నో. నీ ప్రాక్టీసుకని తెల్లవారుజామున మీ నాన్న నన్ను రింకుకి తీసుకెళ్తే, ఆ చెక్కబల్ల మీద రెండు స్వెట్టర్లు వేసుకుని కూర్చునేవాణ్ణి. ఒకసారి నువ్వు, బంతి బదులు కర్రతో కొట్టే ఆ పక్ తెచ్చి నా అరచేతిలో పెట్టావు, గుర్తుందా? అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు, గట్టి రబ్బరు. పెద్ద మ్యాచులకి అది ఎగరకుండా ఉండాలని ముందే గడ్డకట్టిస్తారని చెప్పావు. దాని బరువు ఇంకా నా చేతికి గుర్తుంది.

సరే, ఇక్కడ మన పొలంలో ఊడ్పులు మొదలయ్యాయి. నిన్నంతా గట్టు మీదే ఉన్నాను, నీ ప్రశ్నా నాతోనే ఉంది, అందుకని ఆ పొలంతోనే చెప్తాను. మనవైపు ఆకుమడి అంటాం, చాలాచోట్ల నారుమడి అంటారు. చిన్న మడిలో విత్తనాలు ఒత్తుగా చల్లితే పది రోజులకి పచ్చటి దుప్పటి కప్పినట్టు లేస్తుంది. అందులో కొన్ని మొక్కలు పక్కవాటికంటే జానెడు ఎత్తు పెరుగుతాయి. చూసినవాడల్లా వాటినే మెచ్చుకుంటాడు. కాలేజీ హాకీ ఆ ఆకుమడి అనుకో. అందులో అందరికంటే ఎత్తు కనపడ్డ మొక్క వీసీ.

ఎంత ఎత్తంటే, హార్వర్డ్‌లో మూడో ఏడు 37 ఆటల్లో 32 గోల్స్ కొట్టాడు. ఆ సీజన్లో అమెరికా మొత్తం మీద కాలేజీ ఆటగాళ్ళలో ఎవరూ అన్ని కొట్టలేదు. మీ ఇంటికి దగ్గర్లో నార్త్ రీడింగ్ ఉందే, ఆ ఊరి పిల్లాడే. ఆ ఏడు, 2015లో, హోబీ బేకర్ చివరి ముగ్గురిలో నిలబడ్డాడు కానీ అవార్డు బోస్టన్ యూనివర్సిటీలో మొదటి ఏడు చదువుతున్న జాక్ ఐకెల్‌కి వెళ్ళింది. వీసీ మళ్ళీ హార్వర్డ్‌కే వెళ్ళి నాలుగో ఏడూ ఆడాడు. 2016లో అవార్డు తెచ్చుకున్నాడు.

నారు సంగతి పూర్తిచెయ్యనీ. 25, 30 రోజుల నారు పీకి పొలంలో నాటితే వారం రోజులు వాడినట్టు పసుపు రంగుకి తిరిగి, తర్వాత మూన తిరిగి, అంటే వేరు పట్టి కోలుకుని, పక్కనుంచి పిలకలు వేస్తుంది. నీళ్ళు ఆలస్యమై నారు ముదిరిపోయిందనుకో, మొక్క చూడ్డానికి బలంగానే ఉంటుంది కానీ నాటాక పిలకలు తక్కువ. అది మొక్క తప్పు కాదు. ఎత్తు పెరగాల్సింది మడిలోనే పెరిగిపోయింది, అంతే. అవార్డు తీసుకునే రోజుకి వీసీకి 22 ఏళ్ళు. ఐకెల్ అదే అవార్డు 18 ఏళ్ళకి తీసుకున్నాడు. 2016లో వీసీతో పాటు చివరి ముగ్గురిలో ఉండి, అవార్డు రాక ఇంటికెళ్ళిన మిషిగన్ కుర్రాడు కైల్ కానర్‌కి అప్పటికి 19. ఆ కానర్ తర్వాత విన్నిపెగ్ జట్టుకి ఒక్క సీజన్లోనే 47 గోల్స్ కొట్టాడు. 22 ఏళ్ళవాడు 18 ఏళ్ళ పిల్లల మధ్య ఎత్తుగా కనపడటానికీ, 18 ఏళ్ళవాడు 22 ఏళ్ళవాళ్ళ మధ్య ఎత్తుగా కనపడటానికీ తేడా లేదూ? మీ టీము పిల్లలకి ఈ ముక్క చెప్పు.

ఇంకోటి. ఎన్‌హెచ్‌ఎల్ జట్లు ఏటా రౌండ్లవారీగా, వంతులు వేసుకుని కుర్రాళ్ళని ఎంచుకుంటాయి కదా, 2012లోనే నాష్‌విల్ జట్టు వీసీని మూడో రౌండులో, 66వ వాడిగా ఎంచుకుంది. మూడో రౌండులో తీసుకున్నవాళ్ళలో చాలామంది ఎన్‌హెచ్‌ఎల్‌లో వంద ఆటలు కూడా ఆడరు. అప్పటి నియమం ప్రకారం, కాలేజీ నాలుగేళ్ళు పూర్తయినవాడు తనని ఎంచుకున్న జట్టుతో సంతకం పెట్టకుండా ఆగితే, ఆగస్టు 15 దాటాక తనకి నచ్చిన జట్టుతో మాట్లాడుకోవచ్చు. వీసీ ఆగాడు. నాష్‌విల్ అతనితో సంతకం పెట్టించుకునే హక్కులు బఫెలోకి ఇచ్చేసి బదులుగా మూడో రౌండు పిక్, అంటే ఆ రౌండులో ఒకణ్ణి ఎంచుకునే వంతు, ఒకటి తీసుకుంది. అతను బఫెలోతోనూ సంతకం పెట్టలేదు. ఆ ఆగస్టులో చాలా జట్లు వెంటపడితే చివరికి న్యూయార్క్ రేంజర్స్‌కి వెళ్ళాడు. ఇక్కడ నా నారు పోలిక పనికిరాదు బుజ్జీ, నారు తనకి కావలసిన పొలాన్ని ఎంచుకోలేదు కదా. కానీ అంతమంది వెంటపడ్డ పిల్లాడి మీద ఊరు పెట్టుకునే ఆశ వేరుగా ఉంటుంది. 66వ వాడు కాస్తా జనం లెక్కలో మొదటివాడైపోయాడు. మొదటి మూడేళ్ళూ 16, 17, 17 గోల్స్ కొట్టాడు. తప్పేం లేదు, కానీ జనం ముప్ఫై అనుకున్నారు. 20 గోల్స్ ఎప్పుడూ దాటలేదు. నీకు అబద్ధం చెప్పను. ఆ ఆగస్టు హడావిడిని బట్టి చూస్తే అనుకున్నంత రాలేదు, నిజమే.

ఇప్పుడు 'అందరూ అంటున్నారు' సంగతి. నాకు పన్నెండేళ్ళప్పుడు మా పెద్దమ్మ కొడుకు బందరు కాలేజీలో వాలీబాల్ ఆడేవాడు. స్మాషర్. ఎగిరి కొడితే బంతి అవతలి కోర్టులో దుమ్ము లేపేది. మేం పిల్లలం లైను బయట కూర్చుని ఆ దుమ్ముని చూసేవాళ్ళం. ఇండియాకి ఆడతాడని ఊరంతా అనుకుంది. ఆట కోటాలో ఉద్యోగం వచ్చింది, ఆ ఆఫీసు జట్టులో చేరాడు. రెండేళ్ళ తర్వాత ఉగాదికి పక్కూళ్ళో టోర్నమెంటుకి ఆ జట్టుతో వస్తే మేమంతా ఎడ్లబండి కట్టుకుని వెళ్ళాం. వెళ్ళి చూస్తే అన్నయ్య కొట్టట్లేదు. లిఫ్ట్ ఇస్తున్నాడు. ప్రతి బంతీ తను లేపడం, వేరేవాడు కొట్టడం, చప్పట్లు వేరేవాడికి. మా పక్కన పెద్దవాళ్ళు "అయిపోయిందిరా వీడి పని" అంటుంటే, నేనూ లేచి నిలబడి "అన్నయ్యా, ఇంక కొట్టలేవా?" అని గట్టిగా అరిచాను. చుట్టూ నవ్వారు. అతను ఇటు తిరిగి చూశాడు, మళ్ళీ ఆటలో పడిపోయాడు.

ఆ రాత్రి మా అరుగు మీద వేడినీళ్ళ గిన్నెలో ఉప్పు వేసుకుని వేళ్ళు ముంచుకుని కూర్చున్నాడు. చూపుడువేలూ మధ్యవేలూ కలిపి ప్లాస్టరు చుట్టి ఉంది, దాన్ని విప్పితే కణుపుల దగ్గర చర్మం తెల్లగా నానిపోయి, కింద నల్లగా కమిలి ఉంది. నేను ఏడవబోతుంటే "ఎవరో ఒకరు లేపాలి కదరా" అన్నాడు, అంతే, కోపం లేదు. ఆ జట్టు ఆ టోర్నమెంటు గెలిచింది. అతను ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేశాడు, ఊరొచ్చినప్పుడల్లా సాయంత్రం నెట్టు కట్టి పిల్లలకి నేర్పేవాడు. ఆరోజు అరిచినందుకు క్షమాపణ చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను, చెప్పకముందే పోయాడు. అందుకే నాన్నా, నలుగురూ ఒక ఆటగాడి పని అయిపోయిందంటుంటే నువ్వు అయిదోవాడివి కావద్దు. ముందు అతను కోర్టులో ఇప్పుడు ఏం చేస్తున్నాడో చూడు.

వీసీ ఏం చేశాడో తెలుసా? 2019లో రేంజర్స్ పంపేస్తే బఫెలోకే వెళ్ళాడు. బఫెలో ఇంకో మూడో రౌండు పిక్ ఇచ్చి తీసుకుంది, అంటే ఒకే మనిషి కోసం రెండుసార్లు మూడో రౌండు పిక్ ఇచ్చిందన్నమాట. తర్వాత టొరంటో, అక్కడ వదిలేస్తే వాంకూవర్, ఆ తర్వాత న్యూజెర్సీ. 2022లో కాంట్రాక్టే లేదు. తను మొదలుపెట్టిన రేంజర్స్ క్యాంపుకే, జీతం ఖాయం కాకుండా, ట్రయల్ మీద వెళ్ళాడు. ఆరేళ్ళ కిందట అన్ని జట్లు వెంటపడ్డ మనిషి, కొత్త కుర్రాళ్ళతో పాటు వరసలో నిలబడ్డాడు చూడు, నాకు అక్కడ గొంతు పట్టేసింది. చోటు సంపాదించుకున్నాడు. మన జట్టువాణ్ణి ఫౌల్ చేశాడని బయట కూర్చోబెడితే నలుగురే మిగిలి అవతలి అయిదుగురిని ఆపాలే, ఆ పెనాల్టీ కిల్ పనిలో దిగాడు. కాలేజీలో గోల్స్ కొట్టినవాడు ఇప్పుడు గోల్స్ ఆపుతున్నాడు. ఆ సీజన్ మధ్యలోనే రేంజర్స్ ఇంకో రెండేళ్ళకి రాయించుకుంది. ఆ తర్వాతి ఏడు, 2023-24లో, లీగు దశలో ఆ జట్టుదే మొదటి స్థానం, వీసీ 80 ఆటలు ఆడి 13 గోల్స్ కూడా కొట్టాడు. 2025లో కొలరాడోకి మారి, ఆ సీజన్ అయ్యాక స్విట్జర్లాండ్‌లో జెనీవా జట్టుకి వెళ్ళాడు.

మొత్తం ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆరువందలకు పైగా ఆటలు. వాళ్ళ నాన్న కూడా మెరిమాక్ కాలేజీలో పెద్ద స్కోరరే, ఆయన పేరు కూడా జిమ్ వీసీయే. ఆయన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎన్ని ఆటలు ఆడాడో తెలుసా? 15. ఆ ఇంట్లో ఆరువందల ఆటలంటే ఏమిటో ఆ తండ్రికి తెలిసినట్టు మనకి తెలుస్తుందా?

ఇంకొక్క మాట, ఆ అవార్డు ఎవరి పేరు మీద ఇస్తున్నారో ఎప్పుడైనా చూశావా? హోబీ బేకర్ ప్రిన్స్‌టన్‌లో ఆడాడు. చదువయ్యాక న్యూయార్క్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తూ సరదాగా క్లబ్బుకి ఆడాడు కానీ డబ్బు తీసుకుని ఒక్క ఆటా ఆడలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో పైలట్‌గా వెళ్ళాడు. యుద్ధం ముగిసి, ఇంటికి రాబోతూ, 1918 డిసెంబరులో ఫ్రాన్సులో విమానం కూలి 26 ఏళ్ళకే పోయాడు. అతని ప్రొఫెషనల్ కెరీర్ ఎంత అని అడిగితే సున్నా. అయినా వందేళ్ళు దాటాక కూడా మంచి కాలేజీ ఆటగాడికి అతని పేరు మీదే అవార్డు ఇస్తున్నారు. ఇది తలుచుకుంటే నాకే నోట మాట రాదు, నీకేం వివరించను.

నా మాట అడిగితే, వీసీది మంచి కెరీర్. గొప్ప కెరీర్ కాదు. మంచిది. మూడో రౌండువాడికి చాలా మంచిది. నువ్వు వేరేలా అనుకుంటే నాతో వాదించు, కానీ ముందు నేను చెప్పిన పని చెయ్యి.

అక్టోబరులో ఆటలు మొదలవుతాయి కదా. ఏ మ్యాచైనా సరే, ఎవడో ఒకడు పెనాల్టీ బాక్సులోకి వెళ్ళగానే చిన్ని గడియారం చూడాలి, రెండు నిమిషాలు. బుజ్జీ, నువ్వు పక్ వైపు చూడకు. మిగిలిన నలుగురిలో ఒక్కణ్ణి పట్టుకుని వాణ్ణే చూడు. ఎన్నిసార్లు వంగాడో, ఎన్నిసార్లు పక్‌కి అడ్డంగా పడ్డాడో, బెంచీ మీదకి వెళ్ళాక ఎక్కడ పట్టుకుని రుద్దుకున్నాడో చూసి కాగితం మీద రాసి నాకు పంపు. ఫోన్లో వద్దు, ఇక్కడ కరెంటు పోతుంది.

మీ
తాతయ్య