ప్రజల డేటాకు ధర: 2003లో వదిలిన సందు

ప్రభుత్వాల దగ్గరున్న సమాచారాన్ని బయటివాళ్లు వాడుకుంటే డబ్బు తీసుకోవాలా వద్దా అన్న గొడవ యూరప్‌లో మళ్లీ మొదలైంది. 2025 నవంబరులో యూరోపియన్ యూనియన్ (ఈయూ) పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్, డిజిటల్ చట్టాలన్నిటినీ ఒకేసారి సవరించేందుకు ముందుకు తెచ్చిన ‘డిజిటల్ ఆమ్నిబస్’ ప్రతిపాదనల ప్రకారం, చాలా పెద్ద కంపెనీల దగ్గర ప్రభుత్వ సంస్థలు ఎక్కువ ఫీజు వసూలు చేయొచ్చు, వాటికి వేరే షరతులూ పెట్టొచ్చు. టెక్ దిగ్గజాల మీద కోపం ఉన్నవాళ్లకు ఇది నచ్చుతుంది. కానీ ఈ ఫీజు ఇరవై ఏళ్ల నాటి పాత పేచీ.

సమాచార హక్కు చట్టాలు ఎలా వచ్చాయో అందరికీ తెలిసిందే. కాగితాన్ని చూసే హక్కు ఒకటైతే, అందులోని డేటాను తీసుకెళ్లి మరో పనికి వాడుకునే హక్కు ఇంకొకటి. ఈ రెండోదాని కోసం ఈయూ 2003 నవంబరులో ప్రభుత్వ రంగ సమాచార (పీఎస్ఐ) డైరెక్టివ్, అంటే సభ్యదేశాలు తమ చట్టాల్లో చేర్చుకోవాల్సిన ఆదేశం, తెచ్చింది. అందులోని ఆరో అధికరణమే అసలు మలుపు. సేకరణ, తయారీ, పంపిణీ ఖర్చులతో పాటు పెట్టుబడి మీద ‘సమంజసమైన’ రాబడి కూడా ఫీజు రూపంలో తీసుకోవచ్చని అది చెప్పింది. పైకి అది గరిష్ఠ పరిమితే. నిజానికి, పన్నుల డబ్బుతో ఒకసారి సేకరించిన డేటాను అదే ప్రజలకు మళ్లీ అమ్ముకునేందుకు ఇచ్చిన అనుమతి. పైగా డేటాను వాడుకోనివ్వాలా వద్దా అన్న నిర్ణయాన్నీ సభ్యదేశాలకే వదిలేసింది.

అలా అమ్మితే ఏమవుతుందో అప్పటికే అమెరికా చూసింది. భూమిని ఫొటోలు తీసే ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాల వ్యాపారాన్ని 1980ల్లో ప్రైవేటుకు అప్పగించాక ఒక్కో దృశ్యం ధర 4,400 డాలర్ల దాకా పోయింది. అడవులు, పంటల మీద పరిశోధన చేసేవాళ్లు చాలామంది కొనలేకపోయారు. 1992లో చట్టం మార్చి కార్యక్రమాన్ని ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. 1999లో వచ్చిన ల్యాండ్‌శాట్ 7 చిత్రాల ధర 600 డాలర్లకు తగ్గింది. అయినా అమ్మకాలు బాగా సాగిన 2001లో కూడా అమ్ముడుపోయినవి సుమారు 25 వేలే. 2008లో మొత్తం ఉచితం చేశారు. ఆ తర్వాత ఏడాది తిరిగేలోపే డౌన్‌లోడ్లు పది లక్షలు దాటాయి. చిత్రాలు అవే, ఉపగ్రహాలూ అవే. అడ్డు తొలగిందంతే.

యూరప్‌లోనే ఇంకో సాక్ష్యం డెన్మార్క్. అక్కడ అధికారిక చిరునామాల డేటాను 2002లో ఉచితం చేశారు. 2005 నుంచి 2009 వరకు లెక్క తీస్తే సమాజానికి కలిగిన లాభం సుమారు 6.2 కోట్ల యూరోలు, అయిన ఖర్చు 20 లక్షల దాకా. బ్రిటన్ ఎదురు దారి పట్టింది. 2013లో రాయల్ మెయిల్‌ను ప్రైవేటుపరం చేసినప్పుడు పోస్ట్‌కోడ్ చిరునామాల ఫైలునూ దానితో పాటే ఇచ్చేసింది. అది పొరపాటని మరుసటి ఏడాదే పార్లమెంటు కమిటీ తేల్చింది.

ఈయూ కూడా నెమ్మదిగా వెనక్కి తగ్గింది. 2013 సవరణలో కాపీ చేసి ఇవ్వడానికయ్యే అదనపు ఖర్చే ఫీజు అన్నారు. 2019లో ఉచితమే సూత్రమన్నారు. పటాలు, వాతావరణం, కంపెనీల వివరాలు వంటి ఆరు రకాల ‘అధిక విలువ’ డేటాను పైసా తీసుకోకుండా ఇవ్వాలన్న నిబంధన 2024 జూన్‌లో అమల్లోకి వచ్చింది. అయితే సొంత ఆదాయం మీద నడవాల్సిన సంస్థలకు మినహాయింపులు మాత్రం ప్రతిసారీ మిగిలాయి.

ఆ సంస్థల వాదన కొట్టిపారేసేది కాదు. రిజిస్టర్లను తాజాగా ఉంచడానికి సిబ్బంది కావాలి, బడ్జెట్ కావాలి. కోట్లు గడించే కంపెనీ ఎందుకు ఇవ్వకూడదని అవి అడుగుతున్నాయి. కంపెనీల లాభంలో వాటా తీసుకోవడానికి పన్ను ఉంది. ఫీజు అయితే ముందు గుమ్మం దగ్గర కాపలా పెట్టాలి. ఇవాళ తెరిచి ఉన్న డేటాలో చాలా భాగం తామెవరో చెప్పకుండానే ఎవరైనా దించుకోవచ్చు. కంపెనీ సైజును బట్టి ధర పెట్టాలంటే ప్రతి ఒక్కరినీ ఎవరని అడగాలి, ఎందుకని అడగాలి, ఇంకొకరికి ఇవ్వొద్దని షరతు రాయించుకోవాలి. పెద్ద కంపెనీకి అది లాయర్ల పని. విద్యార్థికి, చిన్న పత్రికకు, ఇద్దరు నడిపే స్టార్టప్‌కు అది దాటలేని గోడ. ప్రతిపాదన మీద యూరోపియన్ పార్లమెంటు, సభ్యదేశాలు ముందుగా తేల్చాల్సింది ఈ సంగతే.