జాబితాకెక్కని మధ్య దీవి

నాగసాకి తీరంలోని హషిమా దీవి మళ్లీ వార్తల్లోకి ఎక్కింది. దాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, అక్కడ ఇష్టానికి వ్యతిరేకంగా పనిచేసిన కొరియన్ల చరిత్రనూ చెబుతామని జపాన్ 2015లో ఇచ్చిన మాట నిలబెట్టుకుందో లేదో చర్చించాల్సిందేనని 2025 జులైలో పారిస్‌లో జరిగిన ప్రపంచ వారసత్వ కమిటీ సమావేశంలో దక్షిణ కొరియా పట్టుబట్టింది. ఓటింగులో 7–3తో, ఆ చర్చ అక్కడ అక్కర్లేదన్న జపాన్ మాటే నెగ్గింది. యుద్ధనౌకను తలపించే ఆ బొగ్గు దీవిని, 1974లో గని మూతపడ్డాక మిగిలిన మొండిగోడలను చాలామంది ఫొటోల్లో చూసే ఉంటారు. ఆ ఫొటోలకు ఎక్కని చిన్న దీవి ఒకటి పక్కనే ఉంది.

దాని పేరు నకనోషిమా, అంటే మధ్య దీవి. ఒకవైపు తకాషిమా, మరోవైపు హషిమా, రెండూ బొగ్గు గనులే. 19వ శతాబ్దం చివర్లో మిత్సుబిషి ఇక్కడా తవ్వి చూసింది. నీటి ఊటతో వేగలేక వదిలేసింది. తర్వాత ఆ బండరాతి దిబ్బ హషిమాకు శ్మశానమైంది. 1959 నాటికి 5,259 మంది కిక్కిరిసి బతికిన హషిమాలో చితి పేర్చడానికి మాత్రం జాగా లేదు. శవాన్ని పడవలో మధ్య దీవికి చేర్చేవారు.

దహనానికి అనుమతి కావాలి, అనుమతికి దరఖాస్తు పెట్టాలి. 1925–1945 మధ్య హషిమాలో పెట్టిన అలాంటి దరఖాస్తులు 1980ల్లో బయటపడ్డాయి. మృతుల్లో ఎక్కువమంది జపనీయులే. వారితోపాటు 122 మంది కొరియన్లు, 15 మంది చైనీయులు ఉన్నారు. మరణ కారణం అన్నచోట నలిగిపోవడం, ఊపిరాడకపోవడం, నీట మునగడం అని రాసి ఉంది. అంతవరకు, దీవిలో ఏం జరిగిందన్న వాదనలో ఒకరి జ్ఞాపకానికి మరొకరి జ్ఞాపకమే జవాబు. ఈ కాగితాలతో చనిపోయినవారికి పేరు, వయసు, తేదీ వచ్చాయి. అసలు మలుపు ఇదేనని నాకనిపిస్తుంది.

వారసత్వ జాబితాకు దరఖాస్తు చేసినప్పుడు జపాన్ తన పారిశ్రామిక చరిత్రను 1910 దగ్గర ఆపింది. కొరియాను కలిపేసుకున్న ఏడాది అదే. తమాషా ఏమిటంటే, పర్యాటకులు ఎగబడి చూసే కాంక్రీటు భవనాల్లో మొదటిది కట్టింది 1916లో! కొరియా అభ్యంతరంతో 2015 జులైలో బాన్‌లో రాజీ కుదిరింది. 1940లలో ఎందరో కొరియన్లను, ఇతరులను వారి ఇష్టానికి వ్యతిరేకంగా తెచ్చి కఠిన పరిస్థితుల్లో పని చేయించారని జపాన్ ప్రతినిధి సభలో ఒప్పుకున్నారు. అది వెట్టిచాకిరీ అన్న అర్థం కాదని విదేశాంగ మంత్రి కిషిదా వెంటనే వివరణ ఇచ్చారు. మృతుల స్మృతికి తగిన సమాచార కేంద్రం పెడతామని హామీ ఇచ్చారు, 2020లో పెట్టారు. అయితే నాగసాకిలో కాదు, టోక్యోలో. దీవిలో వివక్షే లేదన్న పాత నివాసుల సాక్ష్యాలకు అందులో పెద్దపీట వేశారు. హామీ పూర్తిగా నెరవేరలేదంటూ 2021లో వారసత్వ కమిటీ తీవ్ర విచారం వ్యక్తం చేసింది.

జాబితాలోని 23 చోట్లలో తకాషిమా గని ఉంది, హషిమా గని ఉంది. నకనోషిమా లేదు. 2009 నుంచి పర్యాటకులను హషిమాలో దింపుతున్నారు, అదీ కంచె వేసిన దారి వరకే. మధ్య దీవిని పడవలోంచి చూడటమే.