ఉప్పు ధరల్లో దాగిన రైలు చరిత్ర

నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా పూర్తయితే మెట్ట ప్రాంతానికి కలిగే మేలును లెక్కగట్టగలమా అని కనిగిరి పాఠకులొకరు అడిగారు. వెనుకటి రైళ్లు చేసిన మేలును కొలిచిన పద్ధతి తెలిస్తే ఈ ప్రశ్నకు దారి దొరుకుతుంది. బ్రిటిష్ ఇండియా రైళ్ల మీద ఆర్థికవేత్త డేవ్ డొనాల్డ్‌సన్ 2018లో ప్రచురించిన పరిశోధన నన్ను ఎంతగానో ఆకట్టుకున్నది.

రవాణా ఖర్చంటే బండి కిరాయి ఒక్కటే కాదు. ఆలస్యం, తరుగు, దొంగల భయం అన్నీ అందులోనివే. వీటన్నిటినీ కలిపి రాసిన పద్దు ఎక్కడా ఉండదు కనుక, ఆయన ఆ ఖర్చును ఉప్పు ధరల్లోంచి రాబట్టారు. ఆ ఉపాయాన్ని మన నేల మీద పెట్టి చూద్దాం. ఉదయగిరిలో ఉప్పు పండదు. అక్కడి అంగట్లో అమ్మే ఇసకపల్లి ఉప్పు ప్రతి గల్లూ తీరం నుంచి రావలసిందే. కాబట్టి ఇసకపల్లి మడుల దగ్గరి ధరకూ ఉదయగిరి ధరకూ ఉన్న తేడా దాదాపుగా దారి ఖర్చే. వడ్లతో ఈ లెక్క కుదరదు. వరి రెండుచోట్లా పండుతుంది. ధరలో రూపాయి తేడా ఉంటే, దారి ఖర్చు అంతకు తక్కువ కాదని మాత్రమే తేలుతుంది, ఆ ఏడు వడ్లు అసలు కదిలాయో లేదో కూడా తెలియదు. డొనాల్డ్‌సన్ ఉత్తర భారతంలో, ఒక్కొక్కటీ ఒక్కో చోట మాత్రమే తయారయ్యే ఎనిమిది రకాల ఉప్పును ఎంచుకుని, వాటి ధరలను జిల్లాల వారీగా, ఏళ్ల తరబడి పోల్చారు. రైలు చరిత్రను తేదీల పట్టికగా బోధించే మన బడుల్లో ఈ తీసివేతను పిల్లల చేతే చేయించవచ్చు.

తరువాతి మెట్టు కొంత కఠినం. ఆర్థికవేత్తలు ఈటన్, కోర్టమ్‌లు 2002లో ఇచ్చిన వ్యాపారపు గణిత నమూనా ప్రకారం, జిల్లా నిజ ఆదాయం (ధరల మార్పును తీసివేసి చూసిన ఆదాయం) దాని ఉత్పాదకత మీదా, తన వినియోగంలో సొంత పంట వాటా మీదా ఆధారపడుతుంది. ఆ వాటా తగ్గితే ఆదాయం ఎంత పెరుగుతుందో వ్యాపార వ్యాకోచత్వం (దారి ఖర్చు మారితే వ్యాపారం ఎంత మారుతుందో చెప్పే కొలత) అనే సంఖ్య నిర్ణయిస్తుంది. రైలు చేరిన జిల్లాలో వ్యవసాయ నిజ ఆదాయం సుమారు 16 శాతం పెరిగిందని తేలింది. నమూనా చెప్పిన మార్పును తీసివేస్తే, రైలు ప్రభావమని విడిగా మిగిలింది అతిస్వల్పం; అంటే రైలు తెచ్చిన మేలు దాదాపు అంతా ఆ నమూనా చెప్పిన దారిలోనే వచ్చింది. ఎటూ బాగుపడే ఊళ్లకే రైలు వేశారేమోనన్న అనుమానం సహజం. అందుకే పథకం వేసి, చివరికి నిర్మించకుండా వదిలేసిన మార్గాలను కూడా ఆయన పరీక్షించారు. వాటి వెంట ఆ పెరుగుదల కనిపించలేదు.

ఇక కనిగిరి సంగతి. 1899లో మద్రాసు–బెజవాడ రైలు నడిచే నాటికే నెల్లూరు తీరానికి బకింగ్‌హాం కాలువ పడవలు ఉన్నాయి, కనుక అక్కడ తగ్గిన ఖర్చు ఎద్దుల బండే దిక్కైన చోట తగ్గినంత ఉండదు. కనిగిరికి ఈనాడు లారీలు వస్తున్నాయి కాబట్టి, కొత్త రైలు మేలును బండి కిరాయితో కాక లారీ కిరాయితోనే పోల్చి లెక్కించాలి.