ఫుల్ సీటులో హాఫ్ టికెట్

ఒక పాఠకుడు కాస్త కోపంగానే రాశారు. "ఇరవై ఏళ్లు సిగరెట్లు కాల్చాను. ఒకరోజు పెట్టె అవతల పారేసి మానేశాను. మా ఆఫీసులో మానేసినవాళ్లు అయిదుగురుంటే నలుగురు ఇలాగే మానేశారు. మరి ఈ గమ్‌లూ పట్టీలూ మాత్రలూ ఎవరి కోసం? కంపెనీల కోసం కాదా?"

ఆయన చూసింది నిజమే. మానేసినవాళ్లలో ఎక్కువమంది ఏ మందూ లేకుండానే మానేస్తారు. అందుకని అదే మంచి పద్ధతి అనుకుంటే మాత్రం లెక్క తప్పినట్టే. వెయ్యి మంది మందు లేకుండా మొదలుపెట్టారనుకుందాం. నూటికి నలుగురు చొప్పున 40 మంది నెగ్గారు. ఇంకో వంద మంది మందు వాడితే 10 మంది నెగ్గారు. నెగ్గిన 50 మందినీ ఒక గదిలో కూర్చోబెట్టి అడగండి, నలభై మంది "మందెందుకండీ, దండగ" అంటారు. ఓడిపోయిన 960 మంది ఆ గదిలో లేరు. బయట నిలబడి కాలుస్తున్నారు. బడిలో భిన్నాలు నేర్పేటప్పుడు లవం మీద ఉన్న ప్రేమ హారం మీద ఉండదు. ఆ లోటు పెద్దయ్యాక ఇలాంటి చోట బయటపడుతుంది.

మందు వాడినవాళ్ల సంఖ్య ఉదాహరణకు తీసుకున్నదే గానీ, నూటికి నలుగురు అన్నది ఊరికే అనలేదు. సొంతంగా చేసే ప్రయత్నాల్లో ఆరు నెలల నుంచి ఏడాది దాకా నిలిచేవి 3 నుంచి 5 శాతమే. ఎక్కువ భాగం మొదటి ఎనిమిది రోజుల్లోనే కూలిపోతాయి. కాబట్టి "మా పద్ధతిలో 90 శాతం విజయం" అని ఎవరైనా ప్రకటిస్తే నాకు కొన్ని సందేహాలు వస్తాయి. ఎన్నాళ్లకు అడిగారు? మాట మీద నమ్మేశారా, ఊపిరిలో పొగ ఆనవాలైన కార్బన్ మోనాక్సైడ్ కొలిచారా? ఫోన్ ఎత్తనివాళ్లను ఎటు లెక్కేశారు? మానేసినవాళ్లను ఎలా లెక్కపెట్టాలో చెప్పే రస్సెల్ ప్రమాణం 2005లో వచ్చింది, అది ఈ విషయంలో మొహమాటపడదు. జవాబివ్వనివాడు మళ్లీ కాలుస్తున్నట్టే లెక్క.

ఇక నాకు ఇష్టమైన చోటికి వస్తాను. మెదడులో ఆల్ఫా-4 బీటా-2 అనే రిసెప్టర్లు ఉన్నాయి. వాటిని బస్సులో సీట్లనుకోండి. మన ఒంట్లోనే తయారయ్యే ఎసిటైల్‌కోలిన్ కోసం వేసిన సీట్లవి. నికోటిన్ బయటివాడే అయినా వాటిలో అతికినట్టు సరిపోతాడు. కూర్చోగానే టికెట్ డబ్బులిస్తాడు. ఆ డబ్బే డోపమైన్, మెదడుకు మజా తెలిపే రసాయనం. దమ్ము లాగిన 10, 20 సెకన్లలో బస్సెక్కేస్తాడు. ఒకటి రెండు దమ్ములకే సగం సీట్లు నిండుతాయనీ, సిగరెట్ పూర్తయ్యేసరికి 88 శాతం దాటుతాయనీ 2006లో మెదడు స్కాన్లు తీసి చూపించారు.

రోజూ ఇంత రద్దీ ఉంటే బస్సులో అదనపు సీట్లు పడతాయి. కాల్చేవాళ్ల మెదడులో జరిగేదీ అదే, ఈ రిసెప్టర్ల సంఖ్య పెరుగుతుంది. నికోటిన్ అర్ధాయువు (ఒంట్లో ఉన్నది సగానికి తగ్గే కాలం) సుమారు రెండు గంటలు. అంటే నిద్రలో ఒక్కొక్కరే దిగిపోతారు. తెల్లారేసరికి మామూలు మనిషికన్నా ఎక్కువ సీట్లు, చాలావరకు ఖాళీ. ఆ ఖాళీ సీట్లు చేసే గోలనే మనం చిరాకు, తలనొప్పి, టెన్షన్ అంటాం. లేచిన అయిదు నిమిషాల్లో వెలిగించేవాళ్లకు నికోటిన్‌కు ఎంత బానిసయ్యారో కొలిచే ఫాగర్‌స్ట్రామ్ పరీక్షలో ఆ ప్రశ్నకు మూడుకు మూడు మార్కులు పడేది అందుకే. మార్కులు ఎన్ని తక్కువ వస్తే అంత మంచిదైన పరీక్ష ఇది. "సిగరెట్ కాలిస్తే టెన్షన్ తగ్గుతుంది" అంటారే, అందులో చాలా భాగం తానే పెట్టిన మంటను తానే ఆర్పి మెప్పు కొట్టేయడం.

ఇప్పుడు పద్ధతుల్ని ఒక్కొక్కటిగా ఈ బస్సెక్కిద్దాం. మొండిగా మానేయడమంటే ఖాళీ సీట్ల గోల భరిస్తూ బస్సు నడపడం. అదనపు సీట్లు ఊడిపోవడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. నమిలే గమ్, చర్మానికి అంటించే పట్టీ అదే నికోటిన్‌ను పరుగు పెట్టించకుండా నడిపించి తీసుకొస్తాయి. తోపులాట ఉండదు, మజా ఉండదు, గోల మాత్రం తగ్గుతుంది. వీటితో గెలుపు అవకాశం ఒకటిన్నర రెట్లవుతుంది. రెండూ కలిపి వాడితే ఇంకొంచెం మెరుగు.

వరెనిక్లిన్ మాత్ర తెలివి వేరు. ఇది హాఫ్ టికెట్ ప్రయాణికుడు. సీటు మొత్తం ఆక్రమించుకుంటాడు, డబ్బు సగమే ఇస్తాడు. ఫార్మకాలజీలో దీన్ని పాక్షిక అగోనిస్ట్ అంటారు. ఎంతో కొంత రాబడి ఉంది కాబట్టి గోల సద్దుమణుగుతుంది. ఈలోగా మనసు జారి ఒకటి వెలిగించారనుకోండి. ఫుల్ టికెట్ నికోటిన్ ఎప్పట్లాగే పరుగెత్తుకొచ్చి ఎక్కుతాడు, కానీ సీటేదీ? నిలబడ్డవాడికి ఈ బస్సులో టికెట్ కొట్టరు. దమ్ము లాగినా మునుపటి మజా రాదు. ఈ హాఫ్ టికెట్ ఒక పట్టాన లేవడు కూడా, అర్ధాయువు దాదాపు 24 గంటలు. మానేసే తేదీకి వారం ముందే మాత్ర మొదలుపెట్టించేది సీట్ల మీద ముందే కర్చీఫ్ వేయించడానికే. అసలు డబ్బే ఇవ్వకుండా సీటు కాజేసే మందు తయారు చేయకూడదా అంటే, మజా పోతుంది గానీ గోల తగ్గదు. ఆ సగం డబ్బులోనే ఉంది కిటుకంతా.

ఇది కాగితం మీద కథ కాదు. ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్న ఈగల్స్ పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. 9వ వారం నుంచి 24వ వారం దాకా సిగరెట్ జోలికి పోనివారు వరెనిక్లిన్‌తో 21.8 శాతం, బుప్రోపియాన్ అనే ఇంకో మాత్రతో 16.2, పట్టీతో 15.7, మందేమీ లేని ఉత్త మాత్రతో 9.4. ఉత్త మాత్రవాళ్లకూ కౌన్సెలింగ్ దొరికింది, అందుకే ఆ అంకె నాలుగు దగ్గర లేదు. ఈ మందుతో మనసు చెడుతుందన్న భయంతో అమెరికాలో 2009లో పెట్టిన తీవ్ర హెచ్చరికను ఈ పరీక్ష తర్వాతే తీసేశారు. వికారం, వింత కలలు మాత్రం నిజమే. డాక్టర్‌ను అడక్కుండా వాడే మందు కాదిది.

దీని మూలపురుషుడు లాబర్నం చెట్టు గింజల్లోని సిటిసిన్. బల్గేరియాలో 1964 నుంచీ మాత్రగా అమ్ముతున్నారు. మిగతా ప్రపంచం చాలాకాలం పట్టించుకోలేదు. 2011లో వెలువడిన పోలండ్ పరీక్షలో ఏడాది నిలిచినవారు సిటిసిన్‌తో 8.4 శాతం, ఉత్త మాత్రతో 2.4.

హిప్నాటిజం, ఆక్యుపంక్చర్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. దీర్ఘకాలం పనిచేస్తాయనడానికి గట్టి ఆధారం దొరకలేదు. కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ మానడం వినడానికి బాగుంటుంది గానీ, 2016 నాటి ఒక పరీక్షలో ఆరు నెలలకు ఒక్కసారిగా మానేసినవాళ్లు 22 శాతం నిలిస్తే, మెల్లగా తగ్గించినవాళ్లు 15.5 శాతమే నిలిచారు. ఈ-సిగరెట్లు 2019లో బ్రిటన్‌లో జరిగిన పరీక్షలో గమ్, పట్టీలను ఓడించాయి, 18 శాతానికి 9.9. అయితే అలా గెలిచినవాళ్లలో 80 శాతం మంది ఏడాది తర్వాతా ఈ-సిగరెట్ వదల్లేదు. బస్సు మారారు, ప్రయాణం ఆగలేదు.

పద్ధతి మంచిదైనా వాడకం చెడగొడుతుంది. నా స్నేహితుడొకడు నికోటిన్ గమ్‌ను మామూలు చూయింగ్ గమ్‌లా పటపటా నమిలాడు, పక్కన కాఫీ. పది నిమిషాల్లో ఎక్కిళ్లు, గుండెల్లో మంట. "పనికిరాని సరుకు" అని విసిరేశాడు. గమ్‌ను నాలిక చురుక్కుమనేదాకా మెల్లగా నమిలి, ఆపి, చెంపకీ చిగురుకీ మధ్య అట్టే పెట్టాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. నికోటిన్ క్షార గుణమున్న అణువు. విద్యుదావేశం లేని రూపంలో ఉంటేనే చెంప లోపలి పొరను దాటుతుంది, దానికి నోట్లో పీహెచ్ ఎక్కువగా, అంటే ఆమ్ల గుణం తక్కువగా ఉండాలి. కాఫీ ఆమ్లం. ఆమ్లంలో నికోటిన్ ఒక ప్రోటాన్ పట్టుకుని ఆవేశం తెచ్చుకుంటుంది, పొర దాటలేక లాలాజలంతో పొట్టలోకి జారుతుంది. అక్కడ ఎక్కిళ్లు తెప్పిస్తుంది. రక్తంలోకి వెళ్లినదాంట్లో ఎక్కువ భాగాన్ని కాలేయం దారిలోనే విరిచేస్తుంది.

నా బస్సు ఉపమానం ఒకచోట ఆగిపోతుంది. సీట్లు మామూలైన ఆరు నెలలకు కూడా ఎవరో పక్కన వెలిగిస్తే చెయ్యి జేబులోకి పోతుంది. పక్షవాతంలో ఇన్సులా అనే మెదడు భాగం దెబ్బతిన్న కొందరికి సిగరెట్ మీద కోరికే మాయమైందని 2007లో గమనించారు. ఈ కథకు సీట్లొక్కటే చాలవన్నమాట.

స్నేహితుడు ఏడాది తర్వాత మానే ప్రయత్నం మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి గమ్ సరిగ్గానే నమిలాడు. నాలుగో రోజు ఫోన్ చేశాడు: చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు, ఇక నావల్ల కాదు. కాఫీ ఎన్ని తాగుతున్నావని అడిగాను. ఎప్పట్లాగే ఆరు. సిగరెట్ పొగలోని హైడ్రోకార్బన్లు కాలేయంలో సిప్-1ఏ2 అనే ఎంజైమ్‌ను పెంచుతాయి. కెఫీన్‌ను విరిచేది అదే. పొగ ఆగితే కొద్ది రోజుల్లో ఎంజైమ్ తగ్గిపోతుంది, అవే ఆరు కప్పులకు రక్తంలో కెఫీన్ రెట్టింపు దాకా పోవచ్చు. ఆ పని చేసేది పొగే గానీ నికోటిన్ కాదు కాబట్టి గమ్ ఎంత నమిలినా ఇది మారదు. మూడు కప్పులకు తగ్గించమన్నాను. ఆ వారాంతానికల్లా నిద్ర పట్టింది.