రెండో గిటార్ చేసే పని

గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీద గదిలో కాలేజీ కుర్రాళ్ల బ్యాండ్ ప్రాక్టీస్ చేస్తుంటే వెళ్లి కూర్చున్నాను. గిటార్లు రెండు, ఇద్దరిదీ లీడే, అంటే ముందుండి రాగం పలికించే పని. పది నిమిషాలకు చెవులు గింగురుమన్నాయి కానీ ఎవరేం వాయిస్తున్నారో తెలియలేదు. కాసేపటికి ఒకడు లావు తీగల మీదికి దిగి, రెండు వేళ్లతో రెండు స్వరాలే పట్టి, డ్రమ్స్‌తో కలిసి కొట్టడం మొదలుపెట్టాడు. అంతే, రెండోవాడి లీడ్ విడిగా, స్పష్టంగా వినిపించింది.

కారణం మన చెవిలోనే ఉంది. దగ్గర దగ్గర పౌనఃపున్యాలను, అంటే సెకనుకు ఇన్ని కంపనాలనే లెక్కలను, లోపలి చెవి దాదాపు ఒకే చోట అందుకుంటుంది. అప్పుడు గట్టి శబ్దం మెత్తని శబ్దాన్ని కప్పేస్తుంది. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. సన్న తీగను 12వ మెట్టు దగ్గర నొక్కితే 659 సార్లు. రిథమ్, అంటే లయ పట్టే రెండో గిటార్, కింద నిలబడితే పైన లీడ్‌కి చోటు దొరుకుతుంది.

మరి రెండు స్వరాలే ఎందుకు? నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇది. రాక్‌లో ఆంప్లిఫయర్ ధ్వని తరంగాల కొసలను కత్తిరిస్తుంది, ఆ గరుకుదనమే డిస్టార్షన్. అందులోకి రెండు స్వరాలు కలిసి వెళ్తే, వాటి తేడా కూడా కొత్త స్వరంగా పుడుతుంది. సెకనుకు 110, 165 కంపనాలు (హెర్ట్జ్) తీసుకోండి, మన సా, పా అన్నమాట. తేడా 55. అది సరిగ్గా కింది స్థాయి షడ్జమం! ఎవరూ మీటని స్వరం వచ్చి కింద పునాదిలా కూర్చుంటుంది. మధ్యలో గాంధారం కూడా చేర్చి చూడండి. గిటార్ మెట్ల లెక్కలో అది 138.6. తేడాలు 28.6, 26.4 వస్తాయి. ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగక బురబురమంటాయి. అందుకే డిస్టార్షన్ గట్టిగా ఉన్నప్పుడు గాంధారాన్ని వదిలేస్తారు.

ఏసీ/డీసీ బ్యాండ్‌లో తమ్ముడు ఆంగస్ యంగ్ లీడ్, అన్న మాల్కమ్ రిథమ్. మాల్కమ్ లావు తీగలు వేసుకుని, డిస్టార్షన్ తక్కువ పెట్టుకుని వాయించేవాడు. ఆ బ్యాండ్ బలమంతా నాకు అక్కడే వినిపిస్తుంది.

లీడ్ వాయించేవాడు వీణ మీద గమకం పలికించినట్టు తీగను పక్కకు లాగుతాడు. రెండు మెట్ల ఎత్తు స్వరం పలకాలంటే తీగ బిగువు దాదాపు 26 శాతం పెరగాలి. వేలికి అది చిన్న పని కాదు.

‘వంత పాడటం’ అనే మాటను మనం చులకనగా వాడేస్తాం. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథ విన్నవాళ్లు అలా అనలేరు. కథకుడు ఊపిరి పీల్చుకునే లోపు కథ ఊపు తగ్గకుండా మోసేది వంతలే.

ఆ గదిలో రెండోసారి వాయించినప్పుడు లీడ్ కుర్రాడు ఒక స్వరాన్ని లాగి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. పక్కవాడు కుడి అరచేతి అంచును తీగల మొదట్లో ఆనించి, మోత సాగకుండా, ‘జగ్ జగ్’ అంటూ లెక్క తప్పకుండా కొడుతూనే ఉన్నాడు.