తపస్సుకాలంలో శ్రీసభ పితరుల రాతలు: అపోహలు - వాస్తవాలు

కాజీపేటలో తపస్సుకాలం (ఈస్టరుకు ముందు నలభై రోజులు) శుక్రవారాల్లో సిలువ మార్గం, అంటే యేసు శ్రమల్ని పద్నాలుగు స్థలాల్లో తలచుకునే ప్రార్థన, అయ్యాక కొంతమందిమి కూర్చుని శ్రీసభ పితరుల రాతలు, అంటే తొలి శతాబ్దాల క్రైస్తవ పెద్దల రాతలు, చదువుకుంటాం. ఉపదేశిగా ఆ బాధ్యత నాది. రెండేళ్ళ కింద పన్నెండో స్థలం దగ్గర మోకాళ్ళ మీంచి లేస్తూ ఒక అక్క పక్కకు ఒరిగిపోయింది. ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకుతున్నాయి. పొద్దున షుగర్ గోలీ వేసుకుని రోజంతా ఏమీ తినలేదట. తెలివిలోనే ఉంది కాబట్టి చక్కెర నీళ్ళు తాగించి దవాఖానకు తీసుకుపోయాం. తేరుకున్నాక నన్ను చూసి ఏడ్చింది. "పునీత సిమియోను నలభై దినాలు ఏం తినకుంట ఉన్నడట గద సార్. నేను ఒక్క దినం ఉండలేకపోయిన."

ఆ సంగతి ఆమెకు ఫోన్‌లో వచ్చిన వీడియోతో తెలిసింది. అందుకే అన్నిటికన్నా ముందు ఈ అపోహ సంగతి చెప్పాలి: పితరులను చదవడమంటే వాళ్ళు చేసిందంతా మనమూ చేయడమే అన్నది. మనుషుల్ని మంచం పట్టిస్తున్నది ఇదే.

సిమియోను ఒక సిరియా ముని. ఆయన కథ రాసింది ఐదో శతాబ్దపు సిరియా పీఠాధిపతి థియోడొరెట్. వీడియోలు చెప్పని మనిషి ఒకరు ఆ కథలో ఉన్నారు. బస్సుస్ అనే గురువు. లోపల తిండి పెట్టకుండా తలుపు మట్టితో మూసేయమని సిమియోను అడిగితే, చావు కొనితెచ్చుకోవడం పుణ్యం కాదు, అది అన్నిటికన్నా పెద్ద నేరం అని ఆయన మందలించారు. పది రొట్టెలు, ఒక కుండ నీళ్ళు లోపల పెట్టాకే తలుపు మూశారు. నలభై రోజులకు తెరిచి చూస్తే రొట్టెలు అట్లాగే ఉన్నాయి, సిమియోను మాట లేక, కదలిక లేక నేల మీద పడి ఉన్నాడు. స్పాంజితో నోరు తడిపి, ఆ తర్వాతే దివ్యసత్ప్రసాదం ఇచ్చారు. కథ మొత్తం చదివితే బస్సుస్ మాట కూడా మన చెవిన పడాలి కదా!

ఇంకా వెనక్కి వెళ్ళండి. మొదటి శతాబ్దం చివరిదో రెండో శతాబ్దం మొదటిదో అనుకునే 'దిడాఖే' అనే తొలి క్రైస్తవుల బోధ పుస్తకంలో పదహారు చిన్న అధ్యాయాలే ఉన్నాయి, అరగంటలో అయిపోతుంది. బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉండమని చెప్పింది అదే. ప్రభువు కాడి మొత్తం మోయగలిగితే మోయి, లేకపోతే నీకు చేతనైనంత చెయ్యి అన్నదీ అదే. ఆ వెంటనే తిండి విషయంలోనూ నీవు భరించగలిగినంతే అంటుంది. ఉపవాసం ఒక రోజా, రెండు రోజులా, నలభై గంటలా అని సంఘాలు తలోరకంగా చేస్తుంటే, ఉపవాసంలో తేడాలు మన విశ్వాసంలో ఐక్యతనే చూపిస్తున్నాయని రెండో శతాబ్దపు పీఠాధిపతి పునీత ఇరెనేయుసు రాశాడు. ఈజిప్టు ఎడారి మునుల దగ్గర ఏళ్ళ తరబడి ఉండి వచ్చిన కాసియాను అయితే మితిమీరిన ఉపవాసమూ తిండిపోతుతనమూ చివరికి ఒకే చోటికి చేరుస్తాయని హెచ్చరించాడు.

ఇక శ్రీసభ చట్టం చూడండి. ఉపవాసం తప్పనిసరి అన్నది తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) మాత్రమే, అదీ 18 నిండినవాళ్ళ నుంచి 59 నిండేదాకా. జబ్బుతో ఉన్నవాళ్ళకు ఆ కట్టడి లేదు. షుగర్ గోలీ, ఇన్సులిన్ వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా ఒక్కపొద్దు ఉండొద్దు. ఆ ఒక్కపూట తిన్నందుకు దేవుడు మీ మీద అలగడు. ఈ మాట ఆ అక్కకు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది, మూడోసారికి నమ్మింది.

మరి పితరులు ఉపవాసం ఎందుకు చెప్పారు? రెండో శతాబ్దంలో రోములో రాసిన 'హెర్మసు కాపరి'లో దారి ఉంది: ఉపవాసం నాడు రొట్టె, నీళ్ళు మాత్రమే తీసుకో, ఆ రోజు తినాల్సిన తిండి ఖర్చు లెక్కగట్టి విధవరాలికో అనాథకో ఇవ్వు. ఇది చదివినప్పుడల్లా నాకు మా నాయిన గుర్తొస్తాడు. రైల్వేలో గ్యాంగ్‌మన్. మార్చి ఎండలో పట్టాల మీద పని, అందుకే పొద్దున్నే గటక తాగిపోయేవాడు. ఒక్కపొద్దు ఉండడని వాడకట్టులో ఎవరో అంటే చిన్నప్పుడు నాకు సిగ్గనిపించేది. ఆయన మాత్రం నలభై రోజులు బీడీలు మానేసి, ఆ పైసలు రేకు డబ్బాలో వేసి, పవిత్ర శుక్రవారం నాడు మా వెనకింటి ముసలమ్మకు ఇచ్చి వచ్చేవాడు. నాయిన హెర్మసు పేరు కూడా విని ఉండడు.

387లో అంతియొకయలో తపస్సుకాలం ప్రసంగాల్లో పునీత యోహాను క్రిసోస్తోము ఇదే మాట కోపంతో అడిగాడు: కోడి, చేప మానేసి అన్నదమ్ముల్ని కొరుక్కు తింటే ఏం లాభం?

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను. ఇవి చదివితే బైబిలుకు కలిపినట్టా? కాదు. మనం ఇప్పుడు చదివే కొత్త నిబంధన 27 పుస్తకాల జాబితాను 367లో రాసిన అలెగ్జాండ్రియా పీఠాధిపతి పునీత అతనాసియుసే, అదే లేఖలో దిడాఖేనూ కాపరినీ పక్కన పెట్టి, లేఖనాలు కాకపోయినా కొత్తగా చేరేవాళ్ళు చదువుకోదగినవని చెప్పాడు. బైబిలు పుస్తకాల్ని పీఠాధిపతులు కూడిన నైసియా సభలో రోమా చక్రవర్తి కాన్‌స్టాంటైన్ ఏరాడన్నది వట్టి పుకారు, 325 నాటి ఆ సభ ఆ జాబితా జోలికే పోలేదు. 'దాచిన సువార్తలు' అని ప్రచారంలో ఉన్న, బైబిలులో లేని పుస్తకాలు వేరే సరుకు, మేం చదివేవి అవి కావు. పండితులకే అర్థమవుతాయా? యెరూషలేములో పునీత సిరిల్ ఇచ్చిన ఉపదేశాలు జ్ఞానస్నానానికి సిద్ధమయ్యే మామూలు మనుషుల కోసమే. సీఎస్ఐ, బాప్టిస్టు లాంటి ప్రొటెస్టంటు సంఘాల మిత్రులు కూడా అడుగుతుంటారు, మేం రావచ్చా అని. తప్పకుండా రండి, ఈ పెద్దలు మనందరికీ పెద్దలే.

నలభై రోజుల్లో అన్నీ పూర్తి చేయాలన్న పట్టుదల వద్దు. రెండు రోజులు తప్పిపోయాయని మానేసినవాళ్ళు ఉన్నారు, నాకు బాధేస్తుంది. అంతియొకయ పీఠాధిపతి పునీత ఇగ్నేషియుసు రోముకు బందీగా వెళ్తూ రాసిన ఏడు లేఖల్లో ఒక్కటి చాలు, వారమంతా దాన్నే చదవండి.

ఆ అక్క ఇప్పటికీ వస్తోంది, సంచిలో రెండు సర్వపిండి ముక్కలు పెట్టుకుని. వచ్చే శుక్రవారం కాపరిలో ఐదో దృష్టాంతం చదువుతున్నాం. షుగర్ ఉన్నవాళ్ళు తినే రండి.