దున్నని మడిలో మొక్కజొన్న

డిసెంబరులో విశాఖ నుంచి పద్మనాభం వైపు మా పెదనాన్న పొలానికి వెళ్లేసరికి వరి కోసి నాలుగు రోజులైంది. కొయ్యకాళ్లు జానెడెత్తున నిలబడే ఉన్నాయి. వాటి మధ్య ఇద్దరు కూలీలు తాడు పట్టి, 20 సెంటీమీటర్లకో రంధ్రం పొడిచి, మొక్కజొన్న గింజ వేసి కాలితో నొక్కుతున్నారు. ట్రాక్టరు జాడ లేదు.

"దున్నకుండా మొలుస్తుందా పెదనాన్నా?"

"మీ తాత కోతకు ముందే వరి చేలో మినుములు చల్లేవారు. అప్పుడెవరు దున్నారు?"

అంతా పదునులో ఉంది. కోత తర్వాత మడిలో మిగిలిన తేమతోనే గింజ మొలవాలి. దున్నితే అది ఆరిపోతుంది. పైగా గడ్డలు చితికేదాకా ఆగాలి, డీజిలూ పోయాలి.

చిక్కల్లా దమ్ముతోనే. వరి కోసం ఏటా మట్టిని నీళ్లలో చిలికి, దాని కట్టుబడి చెడగొడతాం. కింద గట్టి పొర ఏర్పడి నీటిని ఆపుతుంది. వరికి మేలు చేసే ఆ పొరే మొక్కజొన్న వేరుకు అడ్డుగోడ.

మడిలోని ఎండు మట్టిగడ్డ ఒకటి, గడ్డి మొలిచిన గట్టు మీదిది ఒకటి తెచ్చి రెండు గాజు గ్లాసుల నీళ్లలో వేశాను. మడి గడ్డ బుడగలు వదులుతూ చూస్తుండగానే విచ్చుకుని, అడుగున బురదై పరుచుకుంది. గట్టు గడ్డ మాత్రం కరగలేదు. గడ్డివేళ్లు, శిలీంధ్రాల పోగులు, సూక్ష్మజీవుల జిగురు దాన్ని పట్టి ఉంచాయి. నాగలి ఏటా తెంచేవి ఇవే. ఒక్క శీతకాలం దున్నడం మానితే ఇవి తిరిగి రావు, ఏళ్లు పడుతుంది. మళ్లీ జూలైలో దమ్ము చేస్తే కథ మొదటికే.

నాగలి చేసే అసలు పని కలుపును చంపడం. అమెరికాలోని కెంటకీలో హ్యారీ యంగ్ అనే రైతు 1962లో దున్నకుండా మొక్కజొన్న వేయగలిగింది కలుపు మందుల అండతోనే. ఇక్కడ తుంగకు తోడు వరి కొయ్యకాళ్లూ పిలకలు వేస్తాయి. దుక్కి ఖర్చు మిగిలిందనుకుంటే మందు ఖర్చు ఎదురవుతుంది.

610 అధ్యయనాలను కలిపి చూసి 2015లో 'నేచర్' పత్రికలో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, దుక్కి మానితే మొత్తం మీద దిగుబడి తగ్గుతుంది. పంట వ్యర్థాలు నేల మీదే ఉంచి, పంట మార్పిడి కూడా చేస్తే ఆ నష్టం బాగా తగ్గుతుంది. ఈ మూడూ కలిపి చేస్తే పొడి ప్రాంతాల వర్షాధార పంటలకైతే లాభమే.

ఆ వ్యర్థాల దగ్గరే మా ఇంట్లో పేచీ. గడ్డి మడిలో పరుద్దామని నేనంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు.

"రెండు గేదెలున్నాయి. వాటికేం పెడతావు, నీ వ్యాసమా?"

చివరకు గట్టు పక్క నాలుగు సాళ్లకే గడ్డి దక్కింది.